టైమ్‌స్టాంప్‌ను తేదీగా మారుస్తుంటే ‘ఓవర్‌ఫ్లో’ ఎర్రర్ వస్తోందా? 2038 దాకా ఆగక్కర్లేదు.. సమస్య ఇప్పటికే మొదలైంది!

నిన్నటి దాకా చక్కగా నడిచిన రిపోర్ట్ ఇవాళ ఉన్నట్టుండి ఆగిపోయింది. కోడ్‌ను ఎవరూ ముట్టుకోలేదు. సర్వర్ కూడా మారలేదు. స్క్రీన్ మీద మాత్రం ఎర్ర అక్షరాల్లో ఓ మెసేజ్.. ‘అరిథ్‌మెటిక్ ఓవర్‌ఫ్లో ఎర్రర్ కన్వర్టింగ్ ఎక్స్‌ప్రెషన్ టు డేటా టైప్ ఇంట్’. ఎస్‌క్యూఎల్ సర్వర్ మీద పనిచేసేవాళ్లకు 8115 నంబర్‌తో వచ్చే ఈ మెసేజ్ బాగా పరిచయమే. టైమ్‌స్టాంప్‌ను తేదీగా మార్చే క్వెరీల్లో ఇది కనిపించిందంటే చాలాసార్లు కారణం ఒక్కటే. లెక్క మధ్యలో ఎక్కడో ఒక సంఖ్య 214 కోట్ల గీత దాటింది.

ఏంటా గీత? ఎందుకు దాటుతోంది? దాటినప్పుడు ఏం చేయాలి? వివరంగా చూద్దాం.

అసలు టైమ్‌స్టాంప్ అంటే..

కంప్యూటర్‌కు తేదీ, నెల, సంవత్సరం అని విడివిడిగా దాచుకోవడం కంటే ఒకే ఒక్క సంఖ్యగా దాచుకోవడం తేలిక. అందుకే యునిక్స్ పద్ధతిలో 1970 జనవరి 1 అర్ధరాత్రిని సున్నాగా పెట్టుకుని, అక్కడి నుంచి ఎన్ని సెకన్లు గడిచాయో లెక్కపెడతారు. ఇది యూటీసీ సమయం. మన గడియారంలో అయితే ఆ రోజు ఉదయం 5:30. ఈ లెక్కన 2026 జనవరి 1 యూటీసీ అర్ధరాత్రికి వచ్చే సంఖ్య 1,76,72,25,600. అంటే 176 కోట్ల పైచిలుకు సెకన్లు.

ఈ సంఖ్యను డేటాబేస్‌లో చాలామంది ‘ఇంట్’ అనే టైప్ కాలమ్‌లో పెట్టారు. ఇంట్‌కు 32 బిట్‌లు ఉంటాయి. అందులో ఒకటి ప్లస్సా మైనస్సా అని చెప్పడానికే పోతుంది. మిగిలిన 31 బిట్‌లలో పట్టే అతి పెద్ద సంఖ్య 2,14,74,83,647. సెకన్ల లెక్కలో ఈ సంఖ్య వచ్చేది 2038 జనవరి 19, మంగళవారం. మన టైమ్ ప్రకారం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు. దానికి ఇంకో సెకను కలిపితే ఇంట్‌లో చోటు లేదు.

చోటు లేనప్పుడు ఏం జరుగుతుందన్నది సాఫ్ట్‌వేర్‌ను బట్టి ఉంటుంది. సీ లాంటి భాషల్లో రాసిన పాత ప్రోగ్రాములు చాలావరకు చప్పుడు చేయకుండా వెనక్కి తిరిగిపోతాయి. పాత స్కూటర్ మీటర్ 99,999 తర్వాత సున్నాలకు తిరిగినట్టే. కాకపోతే ఇక్కడ సున్నాకు కాదు, నేరుగా మైనస్‌లోకి వెళ్తుంది. తేదీ 1901 డిసెంబర్ 13 అని చూపిస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ మాత్రం అలా చేయవు. లెక్క ఆపేసి ఎర్రర్ ఇస్తాయి. విసుగు పుట్టించినా నిజానికి ఇదే మేలు. తప్పుడు తేదీ చూపించే రిపోర్ట్ కంటే ఆగిపోయిన రిపోర్ట్ నయం కదా!

2038కి ఇంకా టైమ్ ఉంది కదా.. ఇప్పుడెందుకీ గోల?

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. డేటాబేస్‌లో ఉండేవి ఇవాళ్టి తేదీలు మాత్రమే కాదు, రేపటి తేదీలు కూడా. 2018 ఫిబ్రవరిలో 20 ఏళ్లకు హోమ్ లోన్ తీసుకున్నవారి చివరి ఈఎంఐ తేదీ ఇప్పటికే ఆ గీత అవతల ఉంది. సుకన్య సమృద్ధి ఖాతా తెరిచిన రోజు నుంచి 21 ఏళ్లకు మెచ్యూర్ అవుతుంది. అంటే 2017 జనవరి చివర్లో, ఆ తర్వాత తెరిచిన ప్రతి ఖాతా మెచ్యూరిటీ తేదీ 2038 గీత దాటేసినట్టే. 1980లో పుట్టిన ప్రభుత్వ ఉద్యోగి రిటైర్మెంట్ తెలంగాణలో 61 ఏళ్ల లెక్కన 2041లో వస్తుంది. ఏపీలో 62 ఏళ్ల లెక్కన 2042లో.

ఈ పథకాలు నడిపే సిస్టమ్‌లలో సమస్య ఉందని కాదు. తేదీని తేదీ టైప్‌లోనే దాచుకుంటే అసలు ఇబ్బందే లేదు. సెకన్ల సంఖ్యగా ఇంట్ కాలమ్‌లో పెట్టుకున్న చోట మాత్రం ఇలాంటి రికార్డు ఒక్కటి వచ్చినా చాలు.

ఉదాహరణకు 2046 ఏప్రిల్ 1 సాయంత్రం 6 గంటలకు ఒక గడువు ముగుస్తుందనుకుందాం. దాని టైమ్‌స్టాంప్ 2,40,61,98,600. ఇంట్‌లో పట్టదు. వెనక్కి తిరిగే రకం ప్రోగ్రామ్‌కు ఇదే ఇస్తే 1910 ఫిబ్రవరి 24 అని చూపిస్తుంది. అప్పుడు ఆ లోన్ సిస్టమ్ దృష్టిలో నూరేళ్ల క్రితమే ముగిసిపోయిన లోన్!

ఇలాంటిది 2006లోనే జరిగింది. ఏఓఎల్‌సర్వర్ అనే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్‌లో ‘ఎప్పటికీ టైమ్‌అవుట్ కావద్దు’ అని చెప్పడానికి కొందరు 100 కోట్ల సెకన్లు అని రాసి పెట్టుకున్నారు. అప్పటి సమయానికి ఆ 100 కోట్లు కలిపితే 2038 లోపే ఉన్నంతకాలం ఏ ఇబ్బందీ రాలేదు. 2006 మే 13న ఆ మొత్తం గీత దాటింది. సర్వర్లు కుప్పకూలాయి. 32 ఏళ్ల తర్వాత రావాల్సిన సమస్య అలా ముందే తలుపు తట్టింది.

అసలు విలన్.. మిల్లీసెకన్లు

ఇప్పుడు రోజూ కనిపిస్తున్న ఓవర్‌ఫ్లో ఎర్రర్లలో ఎక్కువ భాగం 2038తో సంబంధం లేనివే. జావా, జావాస్క్రిప్ట్‌లు సమయాన్ని సెకన్లలో కాదు, మిల్లీసెకన్లలో ఇస్తాయి. మొబైల్ యాప్ నుంచో వెబ్‌సైట్ నుంచో వచ్చే టైమ్‌స్టాంప్ అందుకే 13 అంకెలు ఉంటుంది. సెకన్లలో ఉంటే 10 అంకెలే. పైన చెప్పుకున్న 2026 జనవరి 1నే తీసుకుంటే మిల్లీసెకన్లలో అది 1,76,722 కోట్ల పైనే. ఇంట్ హద్దుకు దాదాపు 823 రెట్లు.

సరే, దాన్ని బిగ్‌ఇంట్ కాలమ్‌లోనే పెట్టారు. బిగ్‌ఇంట్ 64 బిట్‌ల టైప్, దానికి ఇదో లెక్క కాదు. మరి ఎర్రర్ ఎందుకు? ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో తేదీకి సమయం కలిపే డేట్‌యాడ్ ఫంక్షన్ ఉంది కదా, సమస్య దాని దగ్గర. అది మనం ఇచ్చే సంఖ్యను ఇంట్‌గానే తీసుకుంటుంది. బిగ్‌ఇంట్ ఇచ్చినా లోపల ఇంట్‌గా మార్చుకోవాలని చూస్తుంది. పట్టదు. ఎర్రర్. కాలమ్ సరిగ్గానే ఉంది, డేటా సరిగ్గానే ఉంది, మధ్యలో ఉన్న ద్వారమే ఇరుకు. 2025 వెర్షన్‌లోనూ, అజూర్ క్లౌడ్‌లోనూ డేట్‌యాడ్ బిగ్‌ఇంట్‌ను తీసుకుంటోంది. కానీ ఆఫీసుల్లో నడుస్తున్న పాత సర్వర్ల సంగతి వేరు.

మిల్లీసెకన్లలో ఇంట్ ఎంత దూరం వెళ్లగలదో తెలుసా? 24 రోజుల 20 గంటల 31 నిమిషాల 23.647 సెకన్లు. అంతే. నెల రోజులు కూడా కాదు. అందుకే ‘మొన్నటి దాకా పనిచేసింది’ అనే ఫిర్యాదు వస్తుంది. రెండు సమయాల మధ్య తేడాను మిల్లీసెకన్లలో లెక్కించే డేట్‌డిఫ్ క్వెరీ కొత్త సిస్టమ్‌లో మూడు వారాలు బాగా నడుస్తుంది. 25వ రోజున పడిపోతుంది. టెస్టింగ్‌లో ఎవరు 25 రోజుల డేటా పెడతారు?

మరి పరిష్కారం ఏంటి?

పెద్ద సంఖ్యను ఒకేసారి కలపొద్దు. రెండు ముక్కలు చేసి కలపాలి. ఒక రోజుకు 86,400 సెకన్లు. టైమ్‌స్టాంప్‌ను 86,400తో భాగిస్తే రోజులు వస్తాయి, శేషం సెకన్లు. ముందు రోజులు కలిపి, వచ్చిన తేదీకి శేషం కలిపితే సరి.

డేట్‌యాడ్ (సెకండ్, టీఎస్ % 86400, డేట్‌యాడ్ (డే, టీఎస్ / 86400, మొదలు తేదీ))

ఇందులో ‘టీఎస్’ అంటే మన బిగ్‌ఇంట్ కాలమ్. మొదలు తేదీ 1970 జనవరి 1. పై ఉదాహరణలోని 2,40,61,98,600ను ఇలా భాగిస్తే 27,849 రోజులు, 45,000 సెకన్లు వస్తాయి. 1970 నుంచి 27,849 రోజులు అంటే 2046 ఏప్రిల్ 1. 45,000 సెకన్లు అంటే పన్నెండున్నర గంటలు. యూటీసీ మధ్యాహ్నం 12:30, మనకు సాయంత్రం 6. రెండు ముక్కల్లో ఏదీ ఇంట్ హద్దు దరిదాపుల్లోకి కూడా రాలేదు.

మిల్లీసెకన్లయితే 8,64,00,000తో భాగించాలి. శేషం ఎప్పుడూ 9 కోట్ల లోపే కాబట్టి భయం లేదు. ఊరికే 1000తో భాగించి సెకన్లుగా కలపడం చాలామంది వాడే చిట్కా. అది పనిచేస్తుంది, కానీ 2038 జనవరి దాకానే. పైగా మిల్లీసెకన్లు పోతాయి. ఒకే సెకనులో జరిగిన రెండు లావాదేవీల్లో ఏది ముందో తేల్చాల్సి వస్తే చిక్కే.

ఇంకో మెలిక. మొదలు తేదీని కొటేషన్లలో ఉత్త అక్షరాలుగా ఇస్తే ఫలితం పాత ‘డేట్‌టైమ్’ టైప్‌లో వస్తుంది. అది మిల్లీసెకన్లను 0, 3, 7 దగ్గరికి సర్దేస్తుంది. కచ్చితమైన మిల్లీసెకన్లు కావాలంటే మొదలు తేదీని ముందే ‘డేట్‌టైమ్2’గా కాస్ట్ చేసుకోవాలి.

సెకన్లను 1000తో గుణించేటప్పుడు జరిగే తప్పు మరొకటుంది. టీఎస్ ఇంట్ అయితే ‘టీఎస్ * 1000’ అని ముందు గుణించి, వచ్చిన ఫలితాన్ని బిగ్‌ఇంట్‌గా కాస్ట్ చేస్తే లాభం లేదు. గుణకారం ఇంట్‌లోనే జరుగుతుంది, అక్కడే పగులుతుంది. ముందు టీఎస్‌ను బిగ్‌ఇంట్‌గా మార్చి, ఆ తర్వాత గుణించాలి. పోస్ట్‌గ్రెస్‌లోనూ ఇదే సంగతి.

తేడా లెక్కకు ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 నుంచి డేట్‌డిఫ్ బిగ్ అనే ఫంక్షన్ ఉంది. ఫలితాన్ని బిగ్‌ఇంట్‌లో ఇస్తుంది. 25 రోజుల సమస్యకు అదే మందు.

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్ వాడేవాళ్ల సంగతి?

మైఎస్‌క్యూఎల్‌లో ‘టైమ్‌స్టాంప్’ అనే కాలమ్ టైప్‌కే 2038 జనవరి 19 హద్దు. ‘డేట్‌టైమ్’ టైప్ అయితే 9999 సంవత్సరం దాకా వెళ్తుంది. ఖర్చు? టైమ్‌స్టాంప్‌కు 4 బైట్లు, డేట్‌టైమ్‌కు 5 బైట్లు. తేడా ఒక్క బైటే. కాకపోతే టైమ్‌స్టాంప్ టైమ్ జోన్‌ను తానే సర్దుకుంటుంది, డేట్‌టైమ్ ఇచ్చింది ఇచ్చినట్టు దాచుకుంటుంది. మార్చేటప్పుడు ఈ సంగతి మరిస్తే అయిదున్నర గంటల తేడా వచ్చి కూర్చుంటుంది.

సెకన్లను తేదీగా మార్చే ఫ్రమ్ యునిక్స్‌టైమ్ ఫంక్షన్ 8.0.28 వెర్షన్‌కు ముందు 2038 గీత దాటిన సంఖ్య ఇస్తే నల్ ఇచ్చేది. ఎర్రర్ కాదు, నల్! ఆ వెర్షన్ నుంచి 3001 సంవత్సరం జనవరి దాకా పనిచేస్తోంది. మైనస్ సంఖ్యలకు, అంటే 1970కి ముందు తేదీలకు ఇది పనికిరాదు. 1965లో పుట్టినవారి పుట్టినతేదీ సెకన్లలో ఉంటే డేట్ యాడ్ వాడి, 1970 జనవరి 1కి ఆ మైనస్ సెకన్లు కలపాలి. ఆ ఫలితం యూటీసీలో ఉంటుందని గుర్తుంచుకోవాలి. మరియాడీబీ 11.5 నుంచి 64 బిట్ సిస్టమ్‌లలో టైమ్‌స్టాంప్ హద్దును 2106 ఫిబ్రవరి 7 దాకా పెంచారు.

పోస్ట్‌గ్రెస్ టైమ్‌స్టాంప్ టైప్‌ను 64 బిట్‌లలో దాస్తుంది కాబట్టి దానితో గొడవ లేదు. అయితే ఎపాక్‌ను బయటకు తీసి ఇంటీజర్‌గా కాస్ట్ చేసేవాళ్లకు ‘ఇంటీజర్ అవుట్ ఆఫ్ రేంజ్’ తప్పదు. అక్కడ బిగ్‌ఇంట్ వాడాలి. ఇక టు టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌కు సెకన్లు ఇవ్వాల్సిన చోట పొరపాటున మిల్లీసెకన్లు ఇస్తే ఎర్రర్ రాదు. హాయిగా 55 వేల సంవత్సరం దాటిన తేదీ ఇస్తుంది! దీనికి రివర్స్ కూడా ఉంది. మిల్లీసెకన్లు ఇవ్వాల్సిన చోట సెకన్లు ఇస్తే అన్నీ 1970 జనవరి తేదీలే వస్తాయి. రిపోర్ట్‌లో వరసగా 1970 జనవరి 20, 21 కనిపిస్తే డేటా పాడైందని కంగారు పడక్కర్లేదు. యూనిట్ తప్పింది, అంతే.

తేదీని తేదీలా కాక అంకెల్లా రాస్తే..

ఓవర్‌ఫ్లో అంటే సెకన్ల లెక్క మాత్రమే కాదని 2022 జనవరి 1న మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్లు చూపించాయి. అందులోని మాల్‌వేర్ స్కానింగ్ ఇంజిన్ అప్‌డేట్ నంబర్‌ను తేదీతో కలిపి రాసేవారు. ముందు సంవత్సరం చివరి రెండంకెలు, తర్వాత నెల, రోజు, చివర వరస నంబర్. 2021లో ఆ నంబర్ 21తో మొదలైంది, 214 కోట్ల లోపే ఉంది. కొత్త సంవత్సరం రాగానే 2201010001 అయింది. 220 కోట్లు! 32 బిట్‌లలో పట్టలేదు. స్కానింగ్ ఇంజిన్ లోడ్ కాలేదు. న్యూ ఇయర్ రోజున ప్రపంచవ్యాప్తంగా ఎన్నో కంపెనీల సొంత సర్వర్లలో మెయిల్స్ క్యూలోనే ఇరుక్కుపోయాయి. సెలవు రోజున అడ్మిన్లు స్క్రిప్ట్‌లు నడుపుతూ కూర్చున్నారు.

మన ఆఫీసుల్లోనూ బిల్ నంబర్, టోకెన్ నంబర్, బ్యాచ్ నంబర్ ఇలా తేదీ కలిపి రాసే అలవాటు ఉంది. ఆ కాలమ్ ఇంట్‌లో ఉందేమో ఒకసారి చూసుకోవడం మంచిది.

ఎర్రర్‌ను దాచేస్తే అసలుకే మోసం

ఎర్రర్ వచ్చింది కదా అని కొందరు ట్రై కాస్ట్ వాడేస్తారు. క్వెరీ ఆగదు. కానీ పట్టని విలువలన్నీ నల్ అయిపోతాయి. ‘గడువు ముగిసిన ఖాతాలు’ అని వెతికితే ఆ ఖాతాలు రావు. ‘గడువు ముగియని ఖాతాలు’ అని వెతికినా రావు. రెండు లిస్టుల్లోనూ లేని ఖాతా గురించి ఎవరికీ తెలియదు, ఖాతాదారు కౌంటర్ దగ్గరికి వచ్చి అడిగేదాకా.

మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ ఆపేసి ఉంటే ఇంకా ఘోరం. ఇంట్ కాలమ్‌లో పట్టని సంఖ్యను తీసుకెళ్లి హద్దు దగ్గర ఆపేస్తుంది. 2040 అయినా, 2046 అయినా, 2050 అయినా అన్నీ 2,14,74,83,647గా మారి కూర్చుంటాయి. అసలు తేదీ ఇక దొరకదు. కాబట్టి మీ టేబుల్‌లో సరిగ్గా ఇదే సంఖ్య ఎన్నిసార్లు ఉందో ఒక్క కౌంట్ క్వెరీ వేసి చూడండి. వందల రికార్డులు 2038 జనవరి 19 ఉదయం 8:44:07కే ముగుస్తున్నాయంటే అది కాకతాళీయం కాదు.

కాలమ్ మార్చడం ఎలా?

ఇంట్‌ను బిగ్‌ఇంట్ చేస్తే 4 బైట్లు 8 అవుతాయి. చిన్న టేబుల్ అయితే ఒక ఆల్టర్ కమాండ్‌తో పని అయిపోతుంది. కోట్ల వరసలున్న టేబుల్‌పై పని వేళల్లో అదే కమాండ్ కొడితే మాత్రం కథ వేరు. పోస్ట్‌గ్రెస్ టేబుల్ మొత్తాన్ని తిరగరాస్తుంది, అది పూర్తయ్యేదాకా ఆ టేబుల్‌ను ఎవరూ చదవలేరు కూడా. అందుకే పెద్ద టేబుళ్లకు పక్కనే కొత్త కాలమ్ పెట్టి, కొత్తగా వచ్చేవి రెండింటిలోనూ రాయిస్తూ, పాత డేటాను కొంచెం కొంచెంగా కాపీ చేసి, చివర్లో పేర్లు మార్చడం పద్ధతి. కాలమ్ మార్చాక దాన్ని చదివే స్టోర్డ్ ప్రొసీజర్లలో ఇంట్ వేరియబుల్స్ మిగిలిపోతే శ్రమంతా వృథా. ఎర్రర్ అక్కడి నుంచి వస్తుంది.

కుదిరితే సంఖ్యను వదిలేసి నేరుగా తేదీ టైప్‌కే మారడం ఇంకా మేలు.

అర్ధరాత్రి నుంచి 5:30 మధ్య..

ఓవర్‌ఫ్లో తీరాక బయటపడే మరో తేడా ఇది. టైమ్‌స్టాంప్ యూటీసీలో ఉంటుంది. మన దగ్గర అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5:30 లోపు జరిగిన లావాదేవీ యూటీసీలో ముందు రోజు తేదీలో పడుతుంది. నెల మొదటి రోజు తెల్లవారుజామున కట్టిన బిల్లు పోయిన నెల లెక్కలోకి వెళ్తుంది. అందుకే తేదీగా కత్తిరించే ముందే 330 నిమిషాలు కలపాలి, కత్తిరించాక కాదు. మన దేశంలో వేసవికి గడియారం మార్చే పద్ధతి లేదు కాబట్టి ఈ 330 సరిపోతుంది. అమెరికా, బ్రిటన్ డేటా ఉంటే మాత్రం టైమ్ జోన్ పేరుతోనే మార్చాలి.

మార్పులన్నీ చేశాక టెస్ట్‌కు ఈ విలువలు పెట్టి చూడండి: సున్నా, మైనస్ ఒకటి, 2147483647, 2147483648, ఒక 13 అంకెల సంఖ్య, ఒక నల్. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో అయితే 2147483648ను క్వెరీలో నేరుగా టైప్ చేయకండి. ఇంట్ దాటిన సంఖ్యను అది బిగ్‌ఇంట్‌గా కాకుండా డెసిమల్‌గా తీసుకుంటుంది. భాగహారం మీ కాలమ్‌లో జరిగినట్టు జరగదు. బిగ్‌ఇంట్‌గా కాస్ట్ చేసి ఇస్తేనే టెస్ట్‌కు అర్థం ఉంటుంది.